మెష్ వేసే ముందు, వేశాక

ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణలో కంప్యూటర్ ఏ వస్తువునూ ఉన్నదున్నట్టుగా లెక్కించదు. దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఆ ముక్కల మూలల్లోనూ అంచుల్లోనూ ఉండే నోడ్లు ఎంత కదిలాయో మాత్రమే లెక్కకడుతుంది. రెండు నోడ్ల మధ్య కదలిక ఎలా ఉంటుందన్నది ఎలిమెంటు రకాన్ని బట్టి ముందే ఖరారై ఉంటుంది: సరళరేఖలా మారుతుందనో, పారాబొలాలా మారుతుందనో. స్ట్రెస్ ఆ కదలికల నుంచి ఆ తర్వాత రాబట్టే విలువ. కాబట్టి మెష్‌లో ప్రతి ఎలిమెంటూ ఇంజనీరు వేసిన ఒక అంచనా. ఈ చోట స్ట్రెస్ ఇంతకంటే వంకర తిరగదని అతను ముందుగా రాసిచ్చిన పూచీ. మెషింగ్‌లో పనికొచ్చే మెలకువలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుడతాయి.

1943లో రిచర్డ్ కూరాంట్ ఒక టోర్షన్ సమస్యను త్రిభుజాలుగా విడగొట్టి సాధించాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ కలిసి విమాన నిర్మాణాల దృఢత్వాన్ని ఇదే దారిలో లెక్కించే వ్యాసం ప్రచురించారు. ఈ పద్ధతికి ఇప్పుడున్న పేరు 1960లో క్లఫ్ పెట్టినది. అప్పటి యంత్రాల మీద ప్రతి ఎలిమెంటూ ఖరీదైనదే. అందువల్ల ఎక్కడ ఎన్ని పెట్టాలో ముందు కాగితం మీద తేల్చుకోక తప్పేది కాదు. ఇప్పుడు ఆటోమెష్ బటన్ నొక్కితే నిమిషంలో లక్షల ఎలిమెంట్లు వచ్చిపడతాయి. ఆలోచించే మెట్టు మాత్రం ఆ బటన్‌లో లేదు.

మొదట తేల్చుకోవాల్సింది మెష్ సైజు కాదు, ప్రశ్న. భాగం ఎంత వంగుతుంది, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కంపిస్తుంది అన్నవి వస్తువు మొత్తానికి సంబంధించిన ప్రశ్నలు. వీటికి ఒక మోస్తరు ముతక మెష్ సరిపోతుంది. ఫలానా ఫిల్లెట్ దగ్గర గరిష్ఠ స్ట్రెస్ ఎంత, అక్కడ ఫెటీగ్ వల్ల పగులు పుడుతుందా అన్నది ఒక్క చోటికి సంబంధించిన ప్రశ్న. దానికి ఆ చోట మెష్ చాలా సన్నగా ఉండాలి. మొదటి ప్రశ్న కోసం వేసిన మెష్ నుంచి రెండో ప్రశ్నకు జవాబు లాగడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

ప్రశ్న తేలాక జామెట్రీ శుభ్రం చేయాలి. డిజైన్ విభాగం నుంచి వచ్చే క్యాడ్ ఫైలు తయారీ కోసం గీసినది. అందులో బోల్టు మరలు, చెక్కిన అక్షరాలు, చిన్న చాంఫర్లు, సన్నటి చీలికల్లాంటి ముఖాలు అన్నీ ఉంటాయి. 0.3 మి.మీ. అంచు ఒకటి మిగిలినా ఆటోమెషర్ దాన్ని పట్టుకుని చుట్టూ వేల ఎలిమెంట్లు పోస్తుంది. లోడ్ ప్రవహించే దారికి దూరంగా ఉన్న చిన్న రంధ్రాలు, ఫిల్లెట్లు తీసేయవచ్చు. స్ట్రెస్ కావాల్సిన చోట ఉన్న ఫిల్లెట్‌ను మాత్రం ముట్టుకోకూడదు. అది పోతే అక్కడ పదునైన లోపలి మూల మిగులుతుంది. దాని దగ్గర వచ్చే అంకెకు అర్థం ఉండదు. కారణం తర్వాత వస్తుంది.

తర్వాతి నిర్ణయం సాలిడ్‌తో వెళ్లాలా, షెల్‌తోనా, బీమ్‌తోనా అన్నది. 500 మి.మీ. పొడవు, అంతే వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న రేకును సాలిడ్ ఎలిమెంట్లతో, మందంలో 3 వరుసలు పెట్టి, 2 మి.మీ. గళ్లతో మెష్ చేస్తే 1,87,500 ఎలిమెంట్లు అవుతాయి. 10 మి.మీ. షెల్ ఎలిమెంట్లతో అదే రేకుకు 2,500 చాలు, వంపు విషయంలో ఫలితం ఏమీ తీసిపోదు. మిగతా కొలతల్లో మందం పదో వంతుకు మించకపోతే షెల్ వైపు మొగ్గవచ్చన్నది వాడుకలో ఉన్న కొండగుర్తు. షెల్‌తో వచ్చే చిక్కులు వేరు. మధ్యతలం తీసినప్పుడు టీ ఆకారపు అతుకు దగ్గర రెండు రేకుల మధ్య సగం మందమంత ఖాళీ మిగులుతుంది. దాన్ని సాగదీసి కలపాలి. షెల్ నార్మల్స్ అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే వేసిన పీడనం కొన్ని ఎలిమెంట్ల మీద లోపలికి, కొన్నింటి మీద బయటికి పనిచేస్తుంది.

ఆకారం, లోడు, సపోర్టు మూడూ సౌష్ఠవంగా ఉంటే సగమో పావో మోడల్ చేస్తే చాలు. మిగిలిన సమయాన్ని సన్నటి మెష్‌కు ఖర్చుపెట్టవచ్చు. అయితే ఈ వెసులుబాటు స్టాటిక్ విశ్లేషణకే నిశ్చింతగా వర్తిస్తుంది. కంపనాల్లోనూ బక్లింగ్‌లోనూ సౌష్ఠవం లేని రూపాలు కూడా వస్తాయి. సగం మోడల్ వాటిని చూపించదు, చూపించలేదన్న సంగతి కూడా చెప్పదు.

యూనిట్లు చిన్న విషయమే అయినా మోడల్‌ను మొత్తంగా ముంచగలవు. అబాకస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో యూనిట్లే ఉండవు; ఇచ్చిన అంకెలు తమలో తాము పొసగాలి, అంతే. మిల్లీమీటరు, న్యూటన్, సెకను ఎంచుకుంటే స్ట్రెస్ మెగాపాస్కల్‌లో వస్తుంది, ద్రవ్యరాశికి మాత్రం టన్ను వాడాలి. ఉక్కు సాంద్రత అప్పుడు ఘన మిల్లీమీటరుకు 7.85 × 10⁻⁹ టన్నులు. టన్నులకు బదులు కిలోలనుకుని 7.85 × 10⁻⁶ రాస్తే వస్తువు 1,000 రెట్లు బరువెక్కుతుంది, సహజ ఫ్రీక్వెన్సీలన్నీ దాదాపు 32 రెట్లు తగ్గిపోతాయి. స్టాటిక్ లోడ్ కింద వంగుదల మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి తప్పు చాలాసేపు దొరకదు.

ఎలిమెంటు రకం ఎంచుకోవడంలోనే అసలైన ఉచ్చులున్నాయి. నాలుగు నోడ్ల చతుర్భుజంలోనూ ఎనిమిది నోడ్ల హెక్సాలోనూ అంచులు ఎప్పుడూ తిన్నగానే ఉంటాయి. వంపు వచ్చినప్పుడు అంచు వంగలేక ఎలిమెంటు పక్కకు ఒరుగుతుంది. లేని షియర్ ఒకటి లెక్కలోకి చొరబడి, శక్తిలో కొంత దానికే ఖర్చయిపోతుంది. దీన్నే షియర్ లాకింగ్ అంటారు. మందంలో ఒకే ఎలిమెంటు, దాని పొడవు ఎత్తుకు రెట్టింపు, పాయిసాన్ నిష్పత్తి 0.3 అనుకుంటే, పూర్తి ఇంటిగ్రేషన్‌తో లెక్కించిన నాలుగు నోడ్ల చతుర్భుజం శుద్ధమైన వంపులో ఉండాల్సినదానికంటే సుమారు 2.6 రెట్లు బిగుసుకుంటుంది. పొడవు ఎత్తుకు 5 రెట్లయితే ఈ బిగుసు 10 రెట్లు దాటుతుంది. అంటే 10 మి.మీ. వంగాల్సిన బీమ్ 1 మి.మీ. కూడా వంగదు. తెరమీద రంగుల చిత్రం మాత్రం ఎంతో నున్నగా వస్తుంది.

దీనికి విరుగుడుగా ఇంటిగ్రేషన్ బిందువులను తగ్గించి, ఎలిమెంటు నడిమధ్యన ఒక్కచోటే స్ట్రెయిన్ కొలిచే పద్ధతి వచ్చింది. దానికీ ఒక లోపం ఉంది. మందంలో అలాంటి ఎలిమెంటు ఒక్కటే ఉంటే వంపులో నడిమధ్య స్ట్రెయిన్ సున్నా, కాబట్టి ఎలిమెంటు ప్రతిఘటనే లేకుండా వంగిపోతుంది. మెష్ ఎగుడుదిగుడు జిగ్‌జాగ్‌గా కనిపిస్తే అది అవర్‌గ్లాస్ రూపం. ఈ రకం వాడేటప్పుడు వంపు ఉన్న గోడ మందంలో కనీసం 4 వరుసలు పెట్టడం మంచి అలవాటు. అంచుల మధ్యన కూడా నోడ్లు ఉండే 20 నోడ్ల హెక్సా లాంటి క్వాడ్రాటిక్ ఎలిమెంటు అయితే ఒకటి రెండు వరుసలతోనే వంపును సరిగ్గా పట్టుకుంటుంది.

టెట్రా విషయంలో నిర్ణయం సులువు. నాలుగు నోడ్ల టెట్రాలో స్ట్రెయిన్ అంతటా ఒకటే. ఒక ముక్కకు ఒకే విలువ. స్ట్రెస్ కావాల్సిన చోట దాన్ని వాడకూడదు. 10 నోడ్ల టెట్రా నమ్మకంగా పనిచేస్తుంది. క్లిష్టమైన పోత భాగాలను హెక్సాలుగా విడగొట్టడానికి వారం రోజులు కూర్చోవడం కంటే, దానితో తగినంత సన్నగా మెష్ చేసి ముందుకు సాగడమే తెలివైన పని. రబ్బరు లాంటి, నొక్కినా ఘనపరిమాణం మారని పదార్థాలకు మాత్రం మామూలు ఎలిమెంట్లు పనికిరావు. పాయిసాన్ నిష్పత్తి 0.5కు దగ్గరపడేకొద్దీ అవి గట్టిగా బిగుసుకుంటాయి. పీడనాన్ని విడిగా లెక్కించే హైబ్రిడ్ ఎలిమెంట్లు అక్కడ అవసరం.

ఎక్కడ సన్నగా, ఎక్కడ ముతకగా అన్న ప్రశ్నకు గుండ్రటి రంధ్రం ఉన్న పలక చక్కటి పాఠం. పెద్ద పలకను ఒక దిశలో లాగితే రంధ్రం అంచున స్ట్రెస్ 3 రెట్లు అవుతుందని 1898లోనే కిర్ష్ లెక్కగట్టాడు. అంతకంటే ముఖ్యమైనది, అది ఎంత త్వరగా తగ్గుతుందన్నది. రంధ్రం వ్యాసార్ధం 10 మి.మీ. అనుకుంటే, అంచు నుంచి 2.5 మి.మీ. లోపలికి వెళ్లేసరికి 3 రెట్లు కాస్తా 1.93 రెట్లకు దిగుతుంది. 10 మి.మీ. దూరంలో 1.22 మాత్రమే. అంచు పక్కన 2.5 మి.మీ. ఎలిమెంటు పెట్టి, దానిలో స్ట్రెస్ ఒకటే అనుకుంటే సుమారు 2.3 రెట్లని చదువుకుంటాం. గరిష్ఠంలో దాదాపు పావు వంతు కనబడకుండా పోతుంది. రంధ్రానికి చాలా దూరంలో 20 మి.మీ. ఎలిమెంటు పెట్టినా నష్టం లేదు. స్ట్రెస్ ఎంత ఎక్కువన్నది కాదు, ఎంత నిటారుగా మారుతున్నదన్నదే మెష్ సైజును శాసిస్తుంది.

90 డిగ్రీల ఫిల్లెట్ చాపం మీద కనీసం 4 నుంచి 6 క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు ఉండాలన్న అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. షెల్ మెష్‌లో బోల్టు రంధ్రాల చుట్టూ వాషర్ ఆకారంలో ఒకటి రెండు వలయాలు వేయడానికీ ఇదే కారణం. సన్నటి ప్రాంతం నుంచి ముతక ప్రాంతానికి మెల్లగా వెళ్లాలి. పక్కపక్క ఎలిమెంట్ల సైజు 1.2 నుంచి 1.5 రెట్ల చొప్పున పెరిగితే మేలు.

ఎలిమెంటు ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. పొడవు వెడల్పుల నిష్పత్తి, స్క్యూ, వార్పేజ్, జాకోబియన్ అనే కొలతలను సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. కార్ల కంపెనీలకు మెష్ చేసిపెట్టే హైదరాబాద్, బెంగళూరు, పుణె కార్యాలయాల్లో వీటికి పరిమితులు రాసిన ఫైలు ఒకటి ఉంటుంది; తప్పిన ఎలిమెంట్లు ఎర్రగా వెలుగుతాయి. ఎరుపంతా పోగొట్టడంతో పని పూర్తయిందనుకోవడం ప్రమాదం. ఫిల్లెట్ మొత్తానికి ఒకే ఒక్క చక్కటి చతురస్రం పెట్టినా ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది. ఆకారం బాగుందని ఆ పరీక్ష చెబుతుంది, అక్కడ అది చాలుతుందా అన్నది చెప్పదు. ఎక్కడో మూలన పెద్దగా స్ట్రెస్ లేని చోట వంకరగా ఉన్న పది ఎలిమెంట్లను వదిలేసినా ఫర్వాలేదు. లోడ్ ప్రవహించే దారిలో ఒక్కటి వంకరగా ఉన్నా పట్టించుకోవాలి.

ఈ తేడాకు నార్వే భారీ మూల్యం చెల్లించింది. ఉత్తర సముద్రంలో చమురు, గ్యాస్ వేదిక కోసం కట్టిన స్లీప్నర్ ఎ కాంక్రీటు పునాది 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి గాండ్స్‌ఫ్యోర్డ్‌లో మునిగిపోయింది. పై డెక్ అమర్చే ముందు పునాదిని నీటిలోకి నెమ్మదిగా దించి పరీక్షిస్తున్న సమయమది. పునాదిలో 24 స్తూపాకారపు గదులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మూడు గదులు కలిసే చోట త్రిభుజాకారపు ఖాళీ మిగులుతుంది, అందులోకి సముద్రపు నీరు వస్తుంది. ఆ పీడనాన్ని మోసే గోడ ఒకటి పగిలి, పంపులు తోడలేనంత నీరు లోపలికి వచ్చింది. ప్రాణనష్టం జరగలేదు. ఆర్థిక నష్టం సుమారు 70 కోట్ల డాలర్లని అంచనా.

దర్యాప్తులో తేలిన కారణాల్లో మెష్ ఒకటి. ఆ త్రిభుజపు గోడల దగ్గర ఎలిమెంట్లు ముతకగా, వంకరగా ఉండటంతో షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది. దాన్ని నమ్మి గోడలను పలచగా కట్టారు. కూడలి దగ్గర ఇనుప కడ్డీల పొడవు కూడా చాలలేదు. ప్రమాదం తర్వాత అదే భాగాన్ని సన్నటి మెష్‌తో మళ్లీ లెక్కిస్తే 62 మీటర్ల నీటి లోతు దగ్గర పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది సుమారు 65 మీటర్ల దగ్గర. వాడిన నాస్ట్రాన్ సాఫ్ట్‌వేర్ తనకిచ్చిన మెష్‌కు లెక్క సరిగ్గానే కట్టింది. ఆ కూడలి దగ్గర స్ట్రెస్ ఎలా మారుతుందన్న అంచనాయే తప్పు.

మెష్ ఎంత సన్నగా చేసినా జవాబు దొరకని చోట్లు కూడా ఉన్నాయి. 90 డిగ్రీల పదునైన లోపలి మూల దగ్గర సిద్ధాంతరీత్యా స్ట్రెస్ అనంతం. ఇలాంటి మూలల్లో అది ఎంత వేగంతో పెరుగుతుందో 1952లో విలియమ్స్ చూపించాడు. ఆ లెక్కన ఎలిమెంటు సైజు సగం చేసిన ప్రతిసారీ మూల దగ్గరి స్ట్రెస్ దాదాపు 37 శాతం పెరుగుతుంది, అలా పెరుగుతూనే ఉంటుంది. ఒకే నోడ్ మీద వేసిన బలం దగ్గర, పూర్తిగా బిగించిన అంచు చివర కూడా ఇదే జరుగుతుంది. అక్కడి ఎర్రటి మచ్చను నమోదు చేయకూడదు. నిజమైన ఫిల్లెట్‌ను మోడల్ చేయాలి, లేదా కొంత దూరం నుంచి స్ట్రెస్ చదవాలి. వెల్డు అంచుకు పద్ధతి స్థిరపడి ఉంది: పలక మందానికి 0.4 రెట్లు, 1 రెట్టు దూరంలో ఉన్న రెండు స్ట్రెస్ విలువలు తీసుకుని, వాటి మీదుగా గీసిన సరళరేఖను వెల్డు అంచు దాకా పొడిగిస్తారు. మూలకు దూరంగా ఉన్న ఫలితాలు మాత్రం చెడవు. వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

అతుకులు, సపోర్టులు మెష్ కంటే పెద్ద తప్పులకు దారితీస్తాయి. సాలిడ్ ఎలిమెంటు నోడ్లకు మూడు దిశల కదలికే ఉంటుంది, తిరుగుడు ఉండదు. కాబట్టి షెల్ అంచును సాలిడ్ ముఖానికి ఒక్క వరుస నోడ్లతో కలిపితే అది మడతబందులా తిరుగుతుంది. బేరింగ్ లోడు పంచడానికి ఆర్‌బీఈ2 అనే దృఢమైన లింకు వాడితే ఆ రంధ్రం ఆకారం మారకుండా బిగుసుకుంటుంది. ఆర్‌బీఈ3 అయితే బలాన్ని పంచుతుందే తప్ప దృఢత్వాన్ని చేర్చదు. ఒక ముఖాన్ని అన్ని దిశల్లోనూ కట్టేస్తే పదార్థం అడ్డంగా కుంచించుకోలేక లేని స్ట్రెస్ పుడుతుంది. వేడితో వ్యాకోచించే భాగాల్లో ఇది మరీ ఎక్కువ. నిజమైన సపోర్టు ఏయే కదలికలను ఆపుతుందో వాటినే ఆపాలి. కాంటాక్ట్ ఉన్నచోట రెండు తలాల మెష్ దాదాపు ఒకే సైజులో ఉంటే మంచిది. కుదరకపోతే సెకండరీ తలం సన్నగా ఉండాలి.

క్రాష్, డ్రాప్ లాంటి ఎక్స్‌ప్లిసిట్ లెక్కల్లో మెష్‌కు ఇంకో ఖర్చు తోడవుతుంది. ఎలిమెంటును శబ్దతరంగం దాటే సమయం కంటే టైమ్ స్టెప్ పెద్దదిగా ఉండకూడదు. ఉక్కులో ఆ వేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు, అంటే 5 మి.మీ. ఎలిమెంటుకు దాదాపు 1 మైక్రోసెకను. లక్ష ఎలిమెంట్లలో ఒక్కటి 0.5 మి.మీ. ఉన్నా మొత్తం లెక్క పదింతలు సాగుతుంది. అంతటా సైజును సగం చేస్తే ఎలిమెంట్లు 8 రెట్లు, స్టెప్పులు 2 రెట్లు, పని 16 రెట్లు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఒక్క మెష్‌తో వచ్చిన అంకె సగం జవాబే. ముఖ్యమైన చోట ఎలిమెంటు సైజును సగం చేస్తూ కనీసం మూడు మెష్‌లు నడపాలి. నున్నటి ఆకారాల్లో లీనియర్ ఎలిమెంట్ల స్ట్రెస్ తప్పు ప్రతిసారీ దాదాపు సగమవుతుంది, క్వాడ్రాటిక్ వాటిది పావు అవుతుంది. తేడాలు ఇలా కుదించుకుపోతుంటే దారి సరైనదే. పెరుగుతూ పోతుంటే అక్కడ పదునైన మూల దాగి ఉందని అర్థం. వంగుదల నిలకడగా వచ్చిందని స్ట్రెస్ కూడా నిలకడగా ఉందనుకోకూడదు. స్ట్రెస్ ఎప్పుడూ ఆలస్యంగానే కుదురుకుంటుంది. నోడ్ దగ్గర సగటు చేయని స్ట్రెస్‌లను కూడా తెరిపించి చూడాలి. పక్కపక్క ఎలిమెంట్లు ఒకే నోడ్‌కు వేర్వేరు విలువలు చెబుతుంటే, సగటు ఆ తగువును కప్పిపుచ్చుతోందన్నమాట.

మిగిలినవి పది నిమిషాల తనిఖీలు. రియాక్షన్ల మొత్తం వేసిన లోడుకు సమానం కావాలి. మోడల్ బరువు డ్రాయింగులోని బరువుతో సరిపోవాలి. సపోర్టులన్నీ తీసేసి సహజ ఫ్రీక్వెన్సీల విశ్లేషణ నడిపితే సున్నాకు దగ్గరగా సరిగ్గా ఆరు ఫ్రీక్వెన్సీలు రావాలి. ఏడోది వస్తే ఏదో భాగం అతుక్కోలేదు, ఐదే వస్తే ఎక్కడో ఏదో నేలకు కట్టేసి ఉంది. కదలికలను పెద్దవి చేసి చూపిస్తే విడిపోయిన అతుకులు కంటికే కనిపిస్తాయి. చివరగా చేతి లెక్క. 200 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న ఉక్కు కాంటిలీవర్ కొనను 100 న్యూటన్లతో నొక్కితే 0.76 మి.మీ. వంగుతుంది, బిగించిన చివర 60 మెగాపాస్కల్ స్ట్రెస్ వస్తుంది. అసలు భాగం ఎంత క్లిష్టమైనదైనా, ఇంత సరళమైన బీమ్‌తో దాన్ని పోల్చి రెట్టింపులోనో సగంలోనో ఉందా అని చూడవచ్చు.

కొత్త సాఫ్ట్‌వేర్‌ను, కొత్త ఎలిమెంటును నమ్మే ముందు తెలిసిన జవాబున్న సమస్యతో పరీక్షించడం పాత ఆచారం. 1983లో బ్రిటన్‌లో మొదలైన నాఫెమ్స్ ఇందుకోసమే ప్రామాణిక సమస్యలు రూపొందించింది. వాటిలో ఎల్‌ఈ1 అనే దీర్ఘవృత్తాకారపు పలక సమస్యకు జవాబు 92.7 మెగాపాస్కల్. ఉచితంగా దొరికే జీమెష్‌తో మెష్ చేసి, కాల్‌క్యులిక్స్‌తో లెక్కించి విద్యార్థి ఎవరైనా దీన్ని ఒక సాయంత్రంలో ప్రయత్నించవచ్చు. ముతక మెష్‌తో మొదలుపెట్టి, లీనియర్, క్వాడ్రాటిక్ రెండింటితోనూ ఆ అంకెకు చేరుకోవడం చూస్తే ఏ రకానికి ఎంత మెష్ కావాలో అర్థమవుతుంది. విశ్లేషణ నివేదికలో గరిష్ఠ స్ట్రెస్‌తో పాటు ఎలిమెంటు రకం, ముఖ్యమైన చోట దాని సైజు, మెష్‌ను సగం చేసినప్పుడు అంకె ఎంత మారింది అన్న మూడు వివరాలు రాస్తే, చదివేవారు ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తామే నిర్ణయించుకోగలుగుతారు.